ముహూర్తం చూసి వేసే ముద్ర

నేను ఒక రబ్బరు ముద్రను. మీరు స్టాంపు అంటారు, అలాగే అనండి, నాకేం పట్టింపు లేదు. నల్లని పిడి, కింద ఇనుప చట్రం, అందులో తేదీ, నెల, సంవత్సరం ఉండే మూడు రబ్బరు పట్టీలు, వాటిని తిప్పడానికి పక్కన మూడు పళ్ళచక్రాలు. పట్టీల పైన ఒకే ఒక్క మాట ఉంటుంది: ఆమోదించడమైనది. ఉంటుందని విన్నానే తప్ప నేనెన్నడూ చదువుకోలేదు. అక్షరాలు నా మీద తిరగబడి ఉంటాయి, పైగా నా మొహం ఎప్పుడూ కిందికే. తన మొహం తను చూసుకోకుండా ఏళ్ళ తరబడి పెద్దరికం చెలాయించేవాళ్ళు మనుషుల్లోనూ ఉన్నారు కాబట్టి పెద్దగా సిగ్గుపడను.

నన్ను చేసింది విజయనగరంలో గంటస్తంభం దగ్గర ఒక ఇరుకు కొట్లో. కొట్టాయనకు తిరగేసిన అక్షరాలే సూటిగా కనిపించేవి; మామూలు పేపరు చదవాలంటే కళ్ళజోడు వెతుక్కునేవాడు. పన్నెండేళ్ళకు సరిపడా సంవత్సరాల పట్టీ బిగించి, ఇక పుష్కరం దాకా దిగుల్లేదని చెప్పి నన్ను అమ్మాడు. కొన్నది ఒక విద్యాసమితి. ఊరి పేరు చెప్పను. బస్సులో గంటన్నర ప్రయాణం, మూడు బడులు, ఒక ఆఫీసు, ఆ ఆఫీసులో ఒక సొరుగు. ఆ సొరుగే నా కాపురం.

సొరుగు తాళం సూపరింటెండెంటు సన్యాసిరావు గారి మొలతాడుకు వేలాడేది. చాలా మంచి మనిషి. ఎవరికి జ్వరమొచ్చినా తన డబ్బాలోంచి మాత్ర తీసిచ్చేవారు. ఒకటే చిక్కు. నేను చేరిన కొత్తలో సైకిలు షెడ్డు కట్టడానికి ఆమోదం ముద్ర మంగళవారం మధ్యాహ్నం వేశారు. ఆ వానాకాలంలోనే షెడ్డు కూలింది. కాంట్రాక్టరు సిమెంటు కంటే ఇసుకను ఎక్కువ ప్రేమించాడని ఊరంతా చెప్పుకుంది. సన్యాసిరావు గారు మాత్రం మంగళవారాన్ని అనుమానించారు, కొంచెం నన్ను కూడా.

అప్పట్నుంచి సొరుగులో నా పక్కకు పంచాంగం వచ్చి చేరింది. దాన్ని చూడకుండా నన్ను బయటికి తీసేవారు కాదు. రాహుకాలంలో పనికిరాను, వర్జ్యంలో పనికిరాను, మంగళవారం, అమావాస్య సరేసరి. తిరస్కరించడమైనది అనే ఇంకో ముద్ర మా సొరుగులోనే ఉండేది. దానికి ఏ పట్టింపూ లేదు. సెలవు చీటీలను నట్టనడి రాహుకాలంలో కూడా ధనాధన్ గుద్దేవారు. కాదనడానికి మనిషికి ముహూర్తం అక్కర్లేదని ఆ సొరుగులోనే నేర్చుకున్నాను.

కిటికీ దగ్గర స్టూలు మీద లచ్చమ్మ గారు కూర్చునేవారు, ఆఫీసు అటెండరు. ఆవిడ చేతిలో అందినది అనే చెక్క ముద్ర ఉండేది. దానికి తేదీ పట్టీ కూడా లేదు, తేదీని ఆవిడే పెన్నుతో రాసుకునేది. వచ్చిన ప్రతి కాగితం మీదా దాన్ని గుద్దేది. ఒకసారి టీ కొట్టు చీటీ మీద గుద్దింది, ఇంకోసారి ఎవరిదో శుభలేఖ మీద. నేను దాన్ని చూసి నవ్వుకునేదాన్ని. ఆ నవ్వు తర్వాత నాకు బాగానే అచ్చొచ్చింది, చెబుతాను.

ఇది జరిగేనాటికి నా పట్టీలో ఆఖరి ఏడు నడుస్తోంది. సమితిలో ప్రతి టీచరుతోనూ ఉద్యోగ ఒప్పందం ఉంటుంది, తొమ్మిది పేజీలు. సంతకం పెట్టడానికే తప్ప చదవడానికి దాన్ని ఎవరూ ముట్టుకోరు. అందులో ఒక ఏర్పాటు ఉంది. వేసవి సెలవుల్లో ఎవరైనా టీచరు కొత్త పాఠ్యప్రణాళిక రాసిపెడితే గంటకు మూడు వందల చొప్పున ఇస్తారు. కాకపోతే పని మొదలెట్టకముందే ఆమోదం ఉండాలి. అంటే నేను పడాలి.

సత్యవేణి టీచర్ సైన్సు చెబుతుంది. నలభై దాటిన మనిషి, గట్టి గొంతు, సంచిలో ఎప్పుడూ ఏదో ఒక రాయో గింజో ఉంటుంది. పుస్తకంలో ఉన్నవి మన పిల్లలు చూడలేదు, మన పిల్లలు చూసేవి పుస్తకంలో లేవని ఆవిడ బాధ. ఆరు నుంచి ఎనిమిది దాకా సైన్సుకు స్థానిక పాఠాలు రాస్తానని ఏప్రిల్ పన్నెండున దరఖాస్తు ఇచ్చింది, మే ఒకటి నుంచి మొదలు పెడతానని. తనకు నూట ఇరవై గంటలు, సాయానికి తులసి అనే చిన్న టీచరుకు అరవై గంటలు. ఆ పిల్లకు వేసవిలో కోచింగ్ సెంటర్లో పని సిద్ధంగా ఉంది. దూరవిద్యలో ఎమ్మెస్సీ చదువుతోంది, సెప్టెంబరు ఆఖరులోగా ఫీజు కట్టాలి. కోచింగ్ మానుకో, నీ పద్దెనిమిది వేలకు నేను పూచీ అని సత్యవేణి టీచర్ మాటిచ్చింది. ఆ మాట మీదే తులసి వచ్చింది.

కిటికీలో లచ్చమ్మ గారు కాగితం అందుకుని, అలవాటు ప్రకారం గుద్ది, తేదీ రాసింది. నాలుగు రోజులకు కార్యదర్శి పట్నాయక్ గారు సంతకం చేశారు. వరండాలో ఎదురుపడినప్పుడు, సంతకం అయిపోయింది, ఇక మొదలెట్టుకోండి టీచర్ అని కూడా అన్నారు. ఇక మిగిలింది నేను ఒక్క దెబ్బ పడడం.

సంతకమైన రోజు మంగళవారం. మర్నాడు శ్రీరామనవమి సెలవు. గురువారం సన్యాసిరావు గారు పంచాంగం తీస్తే వర్జ్యం. ఆ తర్వాత రెండు రోజులు ఆయన మనవరాలి బారసాల. బారసాల నుంచి తిరిగొచ్చి, పిల్లల చదువుకు సంబంధించిన పెద్ద కాగితం కదా, దివ్యమైన రోజు చూద్దామనుకున్నారు. దివ్యమైన రోజును వెతుకుతూ ఉండగానే మూఢం వచ్చిపడింది. మూఢంలో శుభకార్యం ఎలా. మూఢం జూలైలో వదిలింది, వదలగానే ఆషాఢం పట్టుకుంది. ఆయన కావాలని ఆపలేదు, నిజానికి ఆ కాగితం మీద ఉన్న గౌరవం కొద్దీ ఆపారు. సత్యవేణి టీచర్‌కు ఒక్క మాట చెప్పాలని మాత్రం తోచలేదు.

అక్కడ సత్యవేణి టీచర్, తులసి ఎండల్లో తిరుగుతున్నారు. జీడిపప్పు ఒలిచే ఆడవాళ్ళ చేతులు ఎందుకు పొక్కుతాయి, ఉప్పు పట్టిన చేప ఎందుకు చెడదు, కుండలో నీళ్ళు ఎందుకు చల్లబడతాయి. జూన్ రెండో వారానికి మూడు వందల పేజీలు ఆఫీసుకు వచ్చాయి. అవి ఫ్యాను గాలికి ఎగురుతుంటే సన్యాసిరావు గారు నన్ను తీసి వాటి మీద బరువుగా పెట్టారు. ముద్ర వేయడానికే ముహూర్తం, బరువు పెట్టడానికి అక్కర్లేదు కదా. వారం రోజులు ఆ పాఠాల మీద బోర్లా పడుకుని చదివాను. ఎనిమిదో తరగతి అద్దాల పాఠంలో ఒక వాక్యం ఉంది: ఏదైనా రబ్బరు ముద్ర తెచ్చి అద్దం ముందు పట్టండి, ఏమైందో రాయండి. ఆ వాక్యం మీద నేను ఎంతసేపు ఉండిపోయానో చెప్పలేను.

శ్రావణం వచ్చింది. తొలి బుధవారం, ఆగస్టు ఏడు. సన్యాసిరావు గారు స్నానం చేసి, బొట్టు పెట్టుకుని వచ్చి, శుభ ఘడియ చూసి నన్ను నిండుగా సిరాలో అద్ది ఆ దరఖాస్తు మీద వేశారు. అంత అందంగా నేను జీవితంలో పడలేదు. ఒక్క అక్షరమూ చెదరలేదు, తేదీ మరీ స్పష్టంగా వచ్చింది.

ఆ స్పష్టతే కొంప ముంచింది. టీచర్లిద్దరి డబ్బుకు పెట్టిన బిల్లు పదిరోజులకు వెనక్కి వచ్చింది. ఆడిటరు గారు ఎర్ర సిరాతో రాశారు: పని మే, జూన్‌లలో జరిగింది, ఆమోదం ఆగస్టు ఏడున. ఒప్పందం ఆరో నిబంధన ప్రకారం ముందస్తు ఆమోదం లేని పనికి చెల్లింపు లేదు. సాక్షిని నేనే. అంతవరకూ తేదీ విషయంలో అబద్ధమాడలేదని గర్వపడేదాన్ని, ఆ రోజు మొదటిసారి నా నిజం నాకే చేదుగా ఉంది.

సత్యవేణి టీచర్ వచ్చి ఆ ఎర్ర రాత చూసింది. తన ముప్పై ఆరు వేల గురించి ఒక్క మాట అనలేదు. తులసికి ఏం చెప్పాలని మాత్రం రెండుసార్లు అడిగింది, ఎవరినీ చూడకుండా.

సన్యాసిరావు గారు వారం రోజులు సరిగ్గా అన్నం తినలేదు. చివరికి ఒకరోజు ఆఫీసులో ఎవరూ లేనప్పుడు ఆవిడను పిలిపించారు. కొత్త దరఖాస్తు ఫారం ఒకటి, దాని మీద కార్యదర్శి గారి చేత ఎలాగో పెట్టించిన సంతకం. నన్ను చేతిలోకి తీసుకుని నా నెల చక్రాన్ని వెనక్కి తిప్పడం మొదలెట్టారు. ఆగస్టు, జూలై, జూన్, మే, ఏప్రిల్. నా పళ్ళు కిర్రుకిర్రుమన్నాయి. పన్నెండేళ్ళలో నన్నెవరూ వెనక్కి తిప్పలేదు.

"ఒక్క దెబ్బ టీచర్ గారూ. ఎవరికీ తెలీదు. తప్పు నాది, మీరెందుకు నష్టపోవాల?" అన్నారాయన.

ఆవిడ చెయ్యి ఆ ఫారం దాకా వచ్చింది. రావడం నేను చూశాను. తులసి ఫీజు కట్టాల్సిన గడువు ఇంకో పన్నెండు రోజులే ఉంది. నేనైతే పడిపోవడానికి సిద్ధపడ్డాను కూడా. అబద్ధమైతే అయింది, ఆ పిల్ల చదువు నిలబడుతుంది కదా అనుకున్నాను. ముద్రలకు కూడా ఇలాంటి ఆలోచనలు వస్తాయి.

ఆవిడ చెయ్యి వెనక్కి తీసుకుంది.

"అదేటండి సన్యాసిరావు గారూ. ఎండలో తిరిగింది నిజం, రాసింది నిజం. నిజం పనికి దొంగ తేదీ ఎందుకండి? రేపు పిల్లలకి ఆ పాఠాలు ఏ మొహం పెట్టుకుని చెప్తాను?" అంది. చెయ్యి చాపి, "ఆ ఒప్పందం కాయితాలు ఓపాలి ఇటివ్వండి. సంతకం పెట్టడమే గాని నేనూ చదవలేదు" అంది.

అక్కడే కుర్చీ లాక్కుని, జవాబు పేపర్లు దిద్దినట్టు పెన్ను పట్టుకుని, తొమ్మిది పేజీలూ చదివింది. ఆరో నిబంధన దగ్గర ఆగింది. దాని కిందే చిన్న అక్షరాల్లో ఇంకో వాక్యం ఉంది: దరఖాస్తు అందిన పదిహేను రోజుల్లోగా సంస్థ కాదని తెలపకపోతే ఆమోదించినట్టే భావించాలి. ఎవరో ప్లీడరు ఎక్కణ్ణుంచో ఎత్తి రాసి ఉంటాడు. సమితిలో ఎవరూ దాని మొహం చూడలేదు.

ఏప్రిల్ పన్నెండుకు పదిహేను కలిపితే ఇరవై ఏడు. పని మొదలైంది మే ఒకటిన. అయితే అందినట్టు రుజువు కావాలి. పాత దరఖాస్తు తీసి చూస్తే, మూలన, వంకరగా, టీ మరక పక్కన లచ్చమ్మ గారి చెక్క ముద్ర. కింద పెన్నుతో పన్నెండు, నాలుగు. అడిగితే ఆవిడ ఆశ్చర్యపోయింది. "నాకేటి తెల్సు బాబూ. కాయితం వొచ్చింది, గుద్దేసినాను" అంది. పన్నెండేళ్ళు నేను నవ్విన ముద్ర అది.

తర్వాతి శుక్రవారం ఆడిటరు గారు వచ్చారు. నిబంధన చదివారు, చెక్క ముద్ర చూశారు, తల ఊపారు. కానీ ఆడిటరు ఆడిటరే. సంతకం ఏప్రిల్‌లో అయితే ముద్ర ఆగస్టు దాకా ఎందుకు పడలేదు, కారణం రాతపూర్వకంగా కావాలి, అది ఉంటేనే పాస్ చేస్తానన్నారు. సత్యవేణి టీచర్‌కు కారణం తెలుసు. చెప్పకుండా కిటికీలోంచి బయటికి చూస్తూ నిలబడింది, పెద్దాయన పరువు తన నోటితో తీయడం ఇష్టం లేక.

సన్యాసిరావు గారే లేచారు. ఇంకో ఏడాదిలో రిటైరయ్యే మనిషి. తెల్లకాగితం తీసుకుని నిలబడే రాశారు: మూఢమి, ఆషాఢ మాసముల కారణముగా ముద్ర వేయడం జాప్యమైనది. టీచర్ల తప్పు ఏమియు లేదు. బాధ్యత నాది. కింద సంతకం. ఆడిటరు గారు దాన్ని రెండుసార్లు చదివి ఫైల్లో పెట్టుకున్నారు. మూతి మాత్రం కాస్త వంకర పోయింది.

ఇక చెల్లింపు కాగితం మీద నేను పడాలి. సన్యాసిరావు గారు సొరుగు తీశారు. గోడ గడియారం పదకొండు చూపిస్తోంది. శుక్రవారం పదకొండు గంటలంటే నడి రాహుకాలం. పంచాంగం నా పక్కనే ఉంది. ఆయన చెయ్యి దాని మీదుగా వచ్చి నన్ను పట్టుకుంది. సిరాలో అద్ది, ఊపిరి బిగబట్టి, గట్టిగా వేశారు. ఒక పక్క కొంచెం చెదిరాను. సోమవారానికల్లా తులసి ఫీజు కట్టింది.

డిసెంబరు ముప్పై ఒకటితో నా సంవత్సరాలు అయిపోయాయి. కొత్త ఏడు నా పట్టీలో లేదు. పాత సామాను అట్టపెట్టెలో ఆగిపోయిన గడియారం, పిడి ఊడిన పంచింగ్ మిషను, నేను. అక్కణ్ణుంచి సన్యాసిరావు గారే నన్ను తీసి, గుడ్డతో తుడిచి సత్యవేణి టీచర్‌కు ఇచ్చారు. మీ అద్దాల పాఠంలో ముద్ర కావాలని రాశారు కదా అన్నారు. ఆయన కూడా ఆ పాఠాలు చదివారని నాకప్పుడు తెలిసింది.

ఇప్పుడు నా కాపురం ఎనిమిదో తరగతి గదిలో, రాళ్ళు గింజలు ఉండే సంచిలో. ఒకరోజు పాఠం అద్దాలు. జడలో కనకాంబరాలు పెట్టుకున్న ఒక అమ్మాయి నన్ను పైకెత్తి అద్దం ముందు పట్టింది. నా మొహం నాకు కనబడింది. పన్నెండేళ్ళ సిరా పట్టి నల్లబడి, ఒక అంచు అరిగిన మొహం. అక్షరాలు మాత్రం సూటిగా నిలబడ్డాయి. ఆ అమ్మాయి కూడబలుక్కుంటూ పైకి చదివింది: ఆమోదించడమైనది. ఆ పిల్లతో పాటు నేనూ చదువుకున్నాను. చెప్పుకోవడానికి మొహమాటం లేదు, ఏడుపొచ్చింది.

అమ్మాయి నన్ను సిరాలో అద్ది, తన నోటు పుస్తకంలో రాసిన జవాబు మీద పట్టుకుని ఆగింది. "టీచర్, ఇప్పుడెయ్యొచ్చా?" అని అడిగింది.

"నువ్వు రాసింది నిజమైతే వేసెయ్. అడగడం దేనికి?" అంది సత్యవేణి టీచర్.

వేసింది. అప్పుడు గంట ఎంతయిందో ఎవరూ చూడలేదు.