అఖి అచ్చు

మా అమ్మ పేరు అఖిలాండేశ్వరి. అందరూ అఖి అంటారు. ముద్దుపేరు అనుకుంటారు కానీ, అది ముద్దు చేసి పెట్టినది కాదు.

అమ్మ నీటి పంపులకు ఇరుసులు చేసే కార్ఖానాలో ఇనుప రజను ఊడ్చే పనికి కుదిరింది. చీపురు చేతిలో ఉన్నా చూపంతా ఇరుసులు చెక్కే లేతు మిషను మీదే. ముసలి మేస్త్రీ అది కనిపెట్టి, మధ్యాహ్నం భోజనాల వేళ ఆమెను మిషను దగ్గర నిలబెట్టేవాడు. రెండేళ్ళు తిరిగేసరికి వెంట్రుకవాసి తేడా లేకుండా ఇరుసు తీసే చెయ్యి వచ్చింది అమ్మకి.

అక్కడ ఎవరు చేసిన ఇరుసు కొనమీద వాళ్ళ పేరు అచ్చు కొట్టాలి. అమ్మ మొదటి ఇరుసు చూసి యజమాని మెచ్చుకున్నాడు. కానీ, "దీని మీద మేస్త్రీ పేరు కొట్టు. ఆడమనిషి చేసిందంటే ఎవరు కొంటారు?" అన్నాడు.

"పని చెడితే తిట్లు ఎవరికండీ?" అంది అమ్మ.

"నీకే. ఇంకెవరికి?"

"తిట్లు నావైతే పేరూ నాదే కొడతానండీ."

మేస్త్రీ పకపకా నవ్వాడు. "అమ్మాయి అన్నదానికి జవాబు చెప్పండి మరి!" అన్నాడు యజమానితో. ఆయన విసుగ్గా చెయ్యి ఊపి వెళ్ళిపోయాడు. వద్దనలేదు కదా, అదే చాలనుకున్నారు ఇద్దరూ.

అచ్చు చెక్కడానికి మేస్త్రీ పాత ఆకురాయి ముక్క తీశాడు. "అమ్మాయ్, ఇరుసు కొన బొటనవేలంత. నీ పేరేమో చేంతాడంత. రెండక్షరాలే పడతాయి, ఏవి చెక్కమంటావు?"

"మొదటివే చెక్కండి బాబాయ్."

అలా పుట్టింది 'అఖి'.

ఏడాది గడిచాక పెద్ద నీళ్ళ ట్యాంకు పంపులు నడిపే ఇంజనీరు కార్ఖానాకు వచ్చాడు. "మీ దగ్గర కొన్న ఇరుసుల్లో మిగతావి అరిగిపోయాయి. అఖి అచ్చున్నవి మాత్రం చెక్కుచెదరలేదు. ఈసారి ముప్పై ఇరుసులు కావాలి, అన్నీ ఆయన చేసినవే ఉండాలి. ఏడీ ఆయన?" అన్నాడు.

యజమాని ఓ క్షణం తటపటాయించాడు. తర్వాత కార్ఖానా అంతా వినబడేలా "అఖీ! నీకోసం వచ్చారు" అని కేకేశాడు.

నూనె చేతులు తుడుచుకుంటూ వచ్చిన అమ్మను చూసి ఇంజనీరు నోరెళ్ళబెట్టాడు. వెంటనే తేరుకుని రెండు చేతులూ జోడించాడు.

సాయంత్రానికి ఆ కబురు మా వీధికి చేరింది. "లక్షణమైన పేరు పెట్టుకుని ఆ కురచ పేరేమిటే?" అని అంతకుముందు సణిగిన నానమ్మే, కుళాయి దగ్గర బిందె పక్కన పెట్టి మరీ చెప్పింది:

"పెద్ద ఇంజనీరు మా అఖి చేసినవే కావాలని పట్టుబట్టాడట! ఆషామాషీ అనుకున్నారా మా కోడలంటే?"