చెమట చేతుల అతుకు

నేను ఒక గాల్వనోమీటరును. తీగలో విద్యుత్తు ఎటు పోతోందో పసిగట్టడం నా పని. లండనులో ఒక గడియారాలవాడు గోరంత అద్దాన్ని పట్టుదారానికి వేలాడదీసి నన్ను తయారుచేశాడు. దీపం వెలుగు ఆ అద్దం మీద పడి, ఎదురుగా ఉన్న గీతల బద్ద మీద చుక్కగా వాలుతుంది. సముద్రం అడుగున వేసే టెలిగ్రాఫు తీగకు ఎక్కడైనా లోపముంటే ఆ చుక్క పక్కకు జారుతుంది. అబద్ధం చెప్పడం నాకు చేతకాదు. ఆ విద్య మనుషులది.

నా యజమాని పెంబర్టన్ దొర, తీగలు వేయించే ఇంజనీరు. పన్నెండేళ్లు నన్ను ఓడల్లో ఒళ్లో పెట్టుకుని తిరిగాడు. తుఫానులో తాను పడి మోకాళ్లు చీరుకుపోయినా నా పట్టుదారం తెగనివ్వలేదు. ఆయనంటే నాకెంతో గౌరవముండేది. తలుచుకుంటే ఇప్పుడు సిగ్గేస్తుంది.

భీమునిపట్నం తీరంలో రెండు తీగల్ని కలపాల్సి వచ్చింది. రాగి మీద చెట్టుపాల బంకను వేడిచేసి చుట్టే పనివాడు సూరాడ పోలయ్య. చేతి తడి బంకలో చిక్కిందా, విద్యుత్తు నీళ్లలోకి కారిపోతుంది. అందుకే అతుకును రోజంతా నానబెట్టి, నాతో పరీక్షించాకే సముద్రంలోకి దించాలి. కాని మర్నాడే కలెక్టరు వచ్చి మొదటి తంతి పంపుతాడట.

"బాబూ, ఎండకి సేతులు సెమటొట్టీసినాయి. ఇప్పీసి మళ్లీ ఏత్తాను, రేపటిదాకా నాననీండి," అని బతిమాలాడు పోలయ్య.

"గంట చాల్," అన్నాడు దొర వచ్చీరాని తెలుగులో.

గంటకు దీపం వెలిగించాడు. చుక్క జారింది. మళ్లీ చూశాడు. మళ్లీ జారింది. వెనకే నిలబడ్డ పోలయ్యా చూశాడు. దొర దీపం ఆర్పేసి, పుస్తకంలో "అతుకు బాగుంది" అని రాసుకున్నాడు.

కలెక్టరు తంతి వెళ్లింది, అందరూ చప్పట్లు కొట్టారు. పదకొండో రోజున తీగ మూగబోయింది. విచారణ పెట్టారు.

"సుక్క జారడం దొర సూసినారు బాబూ. మళ్లీ ఏత్తానంటే ఒద్దన్నారు," అన్నాడు పోలయ్య.

"అక్షరం ముక్క రానివాడు, గీతలు చదివాడట!" అని ఇంగ్లీషులో చెప్పి నవ్వాడు దొర.

అధికారులూ నవ్వారు. జారిన చుక్కకు ఆనవాలేముంటుంది? పుస్తకంలో రాతే మిగిలింది. తప్పు తన చెమట గురించి తానే చెప్పుకున్నవాడి మీద పడింది. పోలయ్యను పనిలోంచి తీసేశారు. ఆ తర్వాత ఏ ఓడా అతన్ని ఎక్కించుకోలేదు.

నా యజమాని మాత్రం తర్వాతి ఓడలో కొత్త సంగతి మొదలుపెట్టాడు. రోజూ పొద్దున్నే పనివాళ్లను వరసగా నిలబెట్టి అరచేతులు చూసేవాడు. అది "పెంబర్టన్ పద్ధతి" అని నిబంధనల్లోకి ఎక్కింది. దానికి పతకం కూడా ఇచ్చారు.

ఇప్పుడు నేను మ్యూజియంలో ఉన్నాను. పక్కనే ఆయన ఫొటో. కింద, ఒక కూలివాడి అజాగ్రత్త నుంచి ఈ మహానుభావుడు ప్రపంచానికి పాఠం నేర్పాడని రాశారు. చూడవచ్చినవాళ్లు అది చదివి తలలూపి వెళతారు. చుక్క జారిందని తెలిసినవాళ్లం ముగ్గురమే. ఇప్పుడు నేనొక్కదాన్నే మిగిలాను.