నిమ్మకాయ కట్టిన కుర్చీ

ఆదివారం వచ్చిందంటే నా గుండెల దడ మొదలైతది. వేరే ఆడపిల్లలు సెలవు నాడు తలస్నానం చేసి, జర కునుకు తీసి, పొద్దుమీకి చాట్ బండి కాడికి పోతరు. మా మనోజ స్కూటీ తీసి ఊరవతల పెంటకుప్పల దిక్కు పోతది. ఎవరో పారేసిన పంఖా జాలి తెచ్చి గోడ గడియారం చేసింది. వాషింగ్ మిషన్ డ్రమ్ము తెచ్చి చలికి కాపుకునే కుంపటి చేసింది. వారమంతా ఆదిబట్ల కాడ కంపెనీల నట్లు బిగించి వస్తవు, ఇంటికాడనన్న వాటి మొఖం చూడకు బిడ్డా అంటె వినది. అక్కడ అన్నీ కొత్తయేనంట, పాతవాటికైతే ఒక్కొక్కదానికి ఒక్కొక్క కథ ఉంటదంట. ఆ కథలే నా భయం.

నేను ఏడో తరగతి దాకనే చదివిన. కని ఏ వస్తువుల ఏ అపాయం ఉన్నదో నాకు చూడంగనే తెలుస్తది. ఆ గడియారం కింద ఎవ్వరినీ కూసోనియ్య. కుంపటికి వైరు లేకున్నా చెప్పులు తొడుక్కొనే ముట్టుకుంట, ఒకప్పుడు కరెంటు తిన్న వస్తువు గదా. పిల్ల చేతికి తుప్పు గీసుకుంటే చాలు, దవాఖానకు గుంజుకపోత. అక్కడి నర్సమ్మ నన్ను చూసి ఏం రోగమని అడగదు, ఈసారి మీ బిడ్డ ఏం తెచ్చిందని అడుగుతది.

మా ఆయన లింగం మాత్రం పిల్లను ఒక్క మాట అనడు. ఆయన ఆర్టీసీల కండక్టర్. పొద్దంత నిలబడుడే పని. ఇంటికొచ్చేసరికి కాళ్ళు బూరెల్లెక్క పొంగి ఉంటయి. ప్లాస్టిక్ కుర్చీల కూసుంటే కాళ్ళు గుంజుతయి, మంచంల ఒరిగితే నడుము పట్టుకుంటది. కాళ్ళు ఎత్తున పెట్టుకోమని డాక్టర్ చెప్పిండు. దేని మీద పెట్టుకోవాల్నో చెప్పలే.

ఉగాది పోయినంక ఒక ఆదివారం, మా ఇంటి ముందర ట్రాలీ ఆటో ఆగింది. మనోజా, ఆటో ఆయనా కలిసి దాంట్లకెళ్లి ఒక కుర్చీ దించిన్రు. మామూలు కుర్చీ కాదు, కటింగ్ షాపుల కుర్చీ. ఇనుపది, చేతులు మాత్రం కట్టెయి. తలకాయ ఆనిచ్చేటందుకు చిన్న దిండు, కాళ్ళు పెట్టేటందుకు కింద పీట, పక్కకు గుంజితే వెనక్కి ఒరిగే పిడి. రెక్సిన్ చినిగి స్పంజి బయటికొచ్చింది. మంచాల ఊరి దారిల రోడ్డు పక్కకు దొరికిందని పిల్ల చెప్తుంటే నా చూపు కుర్చీ చేతుల మీద పడ్డది. ఎండిపోయిన పసుపు, కుంకుమ బొట్లు. వంగి చూస్తె సీటు కింద నల్లదారం, దారానికి ఎండి నల్లబడ్డ నిమ్మకాయ.

బిడ్డా, దీనికెవరో ఏందో చేసి పెట్టిన్రు, ముట్టకు అని నేను అనేలోపట్నే అది కత్తెర తెచ్చి దారం కత్తిరించి నిమ్మకాయను మోరీల పడేసింది. చేసినదానికన్నా కట్టింది తెంపితేనే ఇంకా ఎక్కువ ముప్పని పాపం దానికేం ఎరుక.

వెనుక ఇంటి సక్కుబాయి కరివేపాకుకు వచ్చి కుర్చీ చుట్టు ఒకసారి తిరిగింది. "వదినా, అన్నం పెట్టే కుర్చీని ఎవడన్న ఊకెనే పారేస్తడా? దీంట్ల కూసోనే ఎవడో పోయుంటడు," అన్నది. అని, కరివేపాకు కొంగుల వేసుకొని నిమ్మలంగ ఇంటికి పోయింది.

మనోజ ఆ వారం పొద్దుమీకి కంపెనీ నుంచి రాంగనే దాని మీద పడ్డది. కిరసనాయిలు పోసి నట్లు వదులు చేసింది. గరుకు కాగితం పెట్టి తుప్పంత గీకింది. ఆటో సీట్లు కుట్టేటాయన కాడికి పోయి పండుమిరపకాయ రంగు రెక్సిన్ కుట్టిచ్చింది. ఇనుముకు నల్లరంగు ఏసింది. వచ్చే ఆదివారానికి అది పెండ్లికొడుకు లెక్క తయారైంది. మా ఆయన డ్యూటీ దిగి వచ్చి, ఏందిది అని అడగకుండనే దాంట్ల కూసుండి, పీట మీద కాళ్ళు పెట్టి, పిడి గుంజి వెనక్కి ఒరిగిండు. కండ్లు మూసుకున్నడు. నోరు తెరుచుకున్నడు. చేతులు రెండు దిక్కుల వేలాడినయి.

నేను ఉరికి ముక్కు కింద వేలు పెట్టి చూసిన. ఊపిరి ఆడుతున్నది.

ఆనాటి సంది నా పని అదే అయింది. ఆయన ఒరిగినప్పుడల్ల ముక్కు కింద వేలు. ఉతికిన బట్టలన్ని తెచ్చి కుర్చీల కుప్పేస్తె, మడత పెట్టి పక్కకు పెట్టి మరీ కూసున్నడు. పెండ్లయిన సంది ఆయన బట్టలు మడతపెట్టుడు అదే మొదలు. ఎండుమిరపకాయలు ఆరబోస్తె వాటిని చాటల ఎత్తి కూసున్నడు. లేచినంక మంట ఏడ పుట్టిందో ఆయన చెప్పలే, నేను అడగలే.

"అమ్మా, నీ ఫికర్ పక్కకు పెట్టి జర బాపు కాళ్ళు చూడు," అన్నది మనోజ.

చూసిన. వాపు తగ్గింది నిజమే. చెప్పులు కాళ్ళకు వదులైనయి. నాకు ఇంకింత భయమైంది. తీస్కపోయేది ముందుగాల సుఖపెట్టి తీస్కపోతదని మా అమ్మ అంటుండె. కుర్చీ ఉంటే మనిషి ఉంటడో లేదో, కుర్చీ పోతే కాళ్ళు మళ్ళ పొంగుతయి. చివరికి, కాళ్ళ కన్నా మనిషే ముఖ్యం అనుకున్న.

తండ్రీ బిడ్డా డ్యూటీలకు పోయినంక, వాడకట్టుల తిరుగుతున్న పాత సామాన్ల మల్లాను పిలిచిన. వాడు కుర్చీని చూసి మురిసిపోయి, పిడి పనిజేస్తున్నదా చూద్దామని కూసుండి ఒరిగిండు. నేను తాడు తెచ్చేటందుకు లోపలికి పోయి వచ్చేసరికి కండ్లు మూసుకొని పడి ఉన్నడు. మల్లా అని పిలిస్తె పలుకలే. వేలు పెట్టి చూసే ధైర్యం రాలే, పరాయోడు గదా. చెంబెడు నీళ్ళు తెచ్చి మొఖాన కొట్టిన.

వాడు తుడుచుకుంట లేచి, "అన్నా, గడ్డం గూడ గియ్యి," అన్నడు.

నన్ను చూసి సిగ్గుపడ్డడు. ఆ కుర్చీల ఒరగంగనే చిన్ననాటి నిద్ర వచ్చిందంట. కుర్చీ చేతి కింద తడిమి, కట్టె మీద చీలతోటి గీకిన తన పేరు నాకు చూపించిండు. ఇది మంచాల బాలనర్సింహ కుర్చీ అని, తమ ఊరోళ్ళందరికీ ఆయనే కటింగ్ చేసెటోడని చెప్పిండు. మరి ఆ బాలనర్సింహ ఏడున్నడని అడిగితె తల గోక్కున్నడు. షాపుకు తాళం పడి శానా దినాలైందంట. తను ఆ ఊరు విడిచినంక మనిషి ఏమైండో ఎరుకలేదంట. ఇసొంటి కుర్చీని తుక్కుల ఏస్తె నాకు పాపం తగుల్తదక్కా అని చెప్పి, బండి నూక్కుంట పోయిండు.

తుక్కు కొనేటోడే తుక్కు వద్దన్నంక నాకు అంతా అర్థమైంది. ఆ కుర్చీల ఎవరో పోవుడు కాదు, కుర్చీ ఆసామే పోయిండు. ఇగ ఆగలేకపోయిన. తెల్లారి, మా ఆయన లేని బస్సు చూసుకొని, ఆధార్ కార్డు చూపించి ఆడోళ్ళకిచ్చే జీరో టికెట్ తీసుకొని మంచాలకు పోయిన. దారిపొంటి ఒకటే మొక్కు. దేవుడా, ముఖం ఎరుగని ఆ బాలనర్సింహ బతికి ఉండాలె.

బస్టాపు కాడ వేపచెట్టు కింద ముసలోళ్ళు నేల మీద కూసున్నరు. పక్కకు తాళమేసిన చిన్న షాపు. అందరిల పెద్దాయన పేరు కాశయ్యంట. తాతా, ఈడ కటింగ్ బాలనర్సింహ అని సగం అడిగి ఆగిన. ఆయన నన్ను పైనించి కింది దాక చూసిండు.

"బువ్వ తినపోయిండు. కూసో, వస్తడు."

ఆ మాటకు నేను గూడ వాళ్ళ పక్కన నేల మీదనే కూసున్న. కొంచెం సేపటికి తెల్ల బనీన్ల, మోకాళ్ళు పట్టుకుంట, తేన్పుకుంట బాలనర్సింహ వచ్చిండు. ఎవరి తేన్పు విన్నా నాకు అంత సంతోషం ఎన్నడూ కాలే. అన్నా, నీ కుర్చీల ఎన్నడన్న ఎవలన్న పోయిన్రా అని అడిగేసిన.

ఆయనకు కోపమొచ్చింది. ఇన్నేండ్ల పనిల ఒక్కని చెవ్వు గూడ కొయ్యలేదన్నడు. మోకాళ్ళ నొప్పులకు నిలబడలేక షాపు బందు పెట్టిండంట. మరి పసుపు, కుంకుమ, నిమ్మకాయ ఎందుకని అడిగితె, దసరాకు కత్తెరకూ కత్తికీ కుర్చీకీ పూజ చెయ్యరా అని నన్నే అడిగిండు. దసరా వస్తే డిపోల బస్సులన్నిటికీ నిమ్మకాయలు కట్టేది ఏటేట చూస్తనే ఉన్న. బస్సు లెక్కనే కుర్చీ గూడ ఒకరికి అన్నం పెడ్తదని నాకు తోచలే.

మనసు తేలికై లేవబోయిన. అప్పుడు కాశయ్య అన్నడు, ఆ కుర్చీ ఇంకేడిదమ్మా, దొంగలు ఎత్కపోయిన్రు అని.

సంగతి ఏందంటే, షాపు బందు పెట్టినంక బాలనర్సింహ ఆ కుర్చీని పారెయ్యలే. బస్సు కోసం ఎదురుచూసే ముసలోళ్ళు కూసుంటరని చెట్టు కింద పెట్టిండు. ఒకనాడు మిట్టమధ్యాహ్నం అందరు బువ్వకు పోయి వచ్చేసరికి కుర్చీ లేదు. ఆ దినం సంది కాశయ్య రోజూ చాయ తాగేముందు ఒక తిట్టు తిడుతున్నడంట. దాంట్ల కూసున్నోని కాళ్ళు పడిపోను అని.

నాకు నెత్తి మీద పిడుగు పడ్డట్టైంది. ఏ మంత్రమూ లేదని తెలుసుకుందామని వస్తె, ముసలాయన రోజూ చాయకు ముందు మంత్రం ఏస్తనే ఉన్నడు.

"తాతా, తిట్టేటందుకు నీకు కాళ్ళే దొరికినయా? ఆ కాళ్ళు మా ఆయనయి. నీ తిట్టు వాపస్ తీస్కో."

అని, మా పిల్ల పారేసిందనుకొని తెచ్చిన సంగతి మొత్తం చెప్పిన. కాశయ్య గడ్డం నిమురుకున్నడు. తిట్టు వాపస్ తీసుడు ఆయన ఎన్నడూ చెయ్యలేదంట. ఆఖరికి, కుర్చీని తే, దాంట్ల మీ ఆయనను కూసోబెట్టు, నోటితోటి అన్నది నోటితోనే తీస్త అన్నడు.

ఇంటికి పోయి చెప్తె మనోజ మొఖం మాడిపోయింది. "అడుగుదామంటె ఆడ మనిషి లేకుండెనమ్మా. స్పంజిల కోడి గుడ్డు పెట్టి ఉండె. ఎవరన్న పారేసిందనే అనుకుంటరు."

గుడ్డేం చేసినవని అడిగిన. కోడిగలోళ్ళు వెతుక్కుంటరని ఆడనే పెట్టి వచ్చిందంట. గుడ్డు మందిదని తోచింది, కుర్చీ మందిదని తోచలేదా బిడ్డా అన్న. మా ఆయన పోయి కుర్చీల కూసుండి పిడి గుంజిండు. ఆదివారం దాక ఇది ఇంట్లనే ఉంటది గదా యశోదా అని మాత్రం అడిగిండు. ఆ మాటకు నాకు కండ్లల్ల నీళ్ళొచ్చినయి. వేలు పెట్టి చూసిన, అలవాటైపోయింది.

ఆదివారం అదే ట్రాలీ ఆటోల కుర్చీని వేపచెట్టు కిందికి చేర్చినం. ముసలోళ్ళు దాన్ని చూసి దూరం జరిగిన్రు. కాశయ్య ఇది మాది కాదన్నడు. బాలనర్సింహ పిడి గుంజి, చెవి పెట్టి విన్నడు. నాది కిర్రుమంటుండె, ఇది అంటలేదని అనుమానపడ్డడు. మల్లా గీకిన పేరు చూపిస్తె గాని నమ్మలే. అప్పుడు ఆ ఎర్ర రెక్సిన్ మీద చెయ్యి ఆనిచ్చి, ఎవరు కుట్టిచ్చిన్రని అడిగిండు. మనోజ ముందుకొచ్చి, అడగకుంట తీస్కపోయిన పెద్దనాయనా అన్నది. ఆయన దాని మొఖం చూడలే, చేతులు చూసిండు. రంగు, గీతలు, సూది పోట్లు.

ముందు నా పని కావాలె అని మా ఆయనను కుర్చీల కూసోబెట్టిన. కాశయ్య నెత్తి మీద చెయ్యి పెట్టి, నేనన్న మాట నేనే మింగిన, నీ కాళ్ళు గట్టిగుండాలె, నూరేండ్లు బస్సు నడపాలె అని దీవించిండు.

"తాతా, ఈయన డ్రైవర్ కాదు, కండక్టర్," అన్న. దీవెన ఇంకెవరికో పోతే ఎట్ల. పాపం, కాశయ్య మొదటి నుంచి మళ్ళ చెప్పిండు.

అంతట్ల బాలనర్సింహ షాపు తాళం తీసి కత్తి పట్టుకొని వచ్చిండు. కుర్చీని చూస్తె ఆయన చేతులు ఊకోలేదంట. మా ఆయన మెడ వెనక్కి ఒంచి, సబ్బు రాసి, కత్తి పెట్టిండు. నేను వేపచెట్టును గట్టిగ పట్టుకున్న. అమ్మా, జర ఊపిరి తీస్కో, నువ్వు బిగబట్టి నిలబడితే నా చెయ్యి వణుకుతది అన్నడు ఆయన. ఎక్కడా ఒక్క గాటు లేకుంట గీసిండు. మా ఆయన లేచి, పెండ్లినాడు లెక్క బుగ్గలు నిమురుకున్నడు. కాశయ్య కుర్చీ మీద తన తువ్వాల పరిచి, రంగు అంటుతదేమో అన్నట్టు మెల్లగ కూసున్నడు.

మేము బయలుదేరుతుంటే బాలనర్సింహ మనోజను షాపులకు పిలిచిండు. లోపల మూలకు ఇంకో కుర్చీ ఉన్నది. ఒక చెయ్యి లేదు, వీపు ఒంగిపోయింది, నిండ సాలెగూడు. "ఇది నా నోటితోటి, అందరి ముందర ఇస్తున్న. తీస్కపో బిడ్డా," అన్నడు. మా పిల్ల మొఖం వెలిగిపోయింది. మా ఆయన చెప్పులిప్పి అప్పుడే పీట మీద కాలు పెట్టి చూస్తున్నడు.

నేను వంగి సీటు కింద చూసిన. నిమ్మకాయ లేదు. దీనికెందుకు కట్టలేదన్నా అని అడిగితె, పనిజెయ్యని దానికి పూజ ఎవరు చేస్తరమ్మా అన్నడు. దారిపొంటి నాకు అదే పట్టుకున్నది. ఏండ్లకేండ్లు దీపం ధూపం లేకుంట, చీకట్ల సాలెపురుగుల నడుమ ఉన్న వస్తువు. దాంట్ల ఏమి చేరిందో ఎవరు చూసిన్రు.

ఇంట్ల దించంగనే, మనోజ గరుకు కాగితం తీసేలోపల నేను ఫ్రిజ్జులకెళ్లి మంచి నిమ్మకాయ ఒకటి తెచ్చిన. కుర్చీ చేతి మీద పసుపు కుంకుమ పెట్టి, నల్లదారం గుచ్చి, సీటు కింద ముడేసి కట్టిన. తలెత్తి చూస్తె పిల్ల కత్తెర పట్టుకొని నిలబడ్డది. తెంపకు బిడ్డా అన్న.

అది వంగి, ముడిని వేళ్ళతోటి గుంజి చూసింది. గట్టిగనే ఉన్నది. కిందికి వేలాడే కొస మాత్రం కత్తిరించింది.

"బాపు కాలికి చుట్టుకొని పడ్తడేమోనమ్మా."