మోషే కాలం గడువు

రెబెక్కమ్మ గారి ఇంటిని కోర్టు వేలంలో పాడుకున్నది నేనే. ఆమె భర్త లాజరస్ ఎవరి అప్పుకో హామీ సంతకం పెట్టి కన్నుమూశాడు. ఆ అప్పు వచ్చి ఇంటి మీద పడింది. ఎండుచేపల బుట్టలు మోసీ మోసీ నడుం వంగిన నాకు సూళ్లూరుపేటలో సొంతిల్లు అమరిందని నా భార్య మస్తానమ్మ పొంగిపోయింది.

వేలమైన యాభై రెండో రోజున, గదులు కొలుచుకుందామని టేపు పట్టుకుని వెళ్లాను. ఏడుస్తుందేమోనని భయపడ్డాను. ఆమె నవ్వుతూ కాఫీ ఇచ్చింది.

"కొలుచుకో మాల్యాద్రీ. రంగులు మాత్రం వెయ్యబాక. ఏడాది లోపల విడిపించుకుంటా గదా, నీ డబ్బులు దండగ."

"ఏడాదా? ఎవరు చెప్పినారక్కా?"

"గడువుండాదని లాయరు చెప్పినాడు. ఊళ్లో ఇల్లు అమ్ముకున్నోళ్లకి ఏడాది గడువని దేవుడు మోషేకి చెప్పినాడంట. మా పాస్టరు గారు ఆదివారం చెప్పినారు."

మోషే ఎవరో గానీ, ఆయన గడువు మన కోర్టులో చెల్లదు. ఇక్కడ అరవై రోజులే. ఆ లోపల అప్పంతా కట్టి, నాకు పాట సొమ్ము మీద నూటికి ఐదు చొప్పున పరిహారం కడితేనే వేలం రద్దవుతుంది. ఇంకా ఎనిమిది రోజులుంది.

నోరు మూసుకుంటే ఇల్లు నాది. నేనేమైనా దొంగతనం చేశానా? ముందుగది కొలిచాను. వంటగదిలోకి వెళ్తుంటే, "మెల్లిగా నాయనా, ఆ గడప ఎత్తు, కాలికి తగిలిచ్చుకుంటావు" అంది. నా మీద నాకే ఒళ్లు మండింది. టేపు చుట్టేశాను.

"అక్కా, అరవై దినాలే గడువు. ఎనిమిదే మిగిలుండాయి."

బండి మీద లాయరు దగ్గరికి తీసుకెళ్లి అడిగిస్తే గానీ ఆమె నమ్మలేదు. బయటికొచ్చి మెట్ల మీద కూలబడింది.

"ఏడాది ఉండాదనుకోని కూతుర్ని గూడా అడగలేదే!"

నా ఫోన్‌తోనే కూతురు రెజీనాకి చేసింది. రెజీనా నగలు కుదువపెట్టింది. రెబెక్కమ్మ నష్టానికి చీటీ పాడుకుంది.

సంగతి తెలిసి నా భార్య మూడు రోజులు నాకు అన్నం వడ్డించలేదు. నాలుగో రోజు అన్నం వడ్డిస్తూ, "ఆమెకి డబ్బులు చాలినాయా?" అంది మస్తానమ్మ. ఆ ప్రశ్నకే నాకు కడుపు నిండింది.

యాభై తొమ్మిదో రోజున కోర్టులో డబ్బు కట్టేశాం. గుమాస్తా నన్ను చూపించి, "ఈయన మీకేమవుతాడమ్మా?" అని అడిగాడు.

ఇల్లు పాడుకున్నవాడని చెబుతుందని తల వంచుకున్నాను.

"మా తమ్ముడు సార్. ఇల్లు విడిపించడానికొచ్చినాడు."

గుమాస్తా కాగితంలో వేలం పాడుకున్నవాడి పేరు చూశాడు, నన్ను చూశాడు. నేను తలెత్తి, "అవును సార్, మా అక్కే" అన్నాను.