రమ్మన్నది ఒకణ్ణి

ఐసు మర పళ్ళు కొరికే చప్పుడు. డీజిలు వాసన. హార్బరు నీళ్ళ మీద ఇంకా తెల్లారని ఆకాశం...

అల గట్టును తాకుతుంది. వెనక్కి పోతుంది.

చేపలు అమ్మేవాళ్ళకు మూడు భాషలు కావాలి. లారీవాళ్ళ హిందీ, కంపెనీవాళ్ళ ఇంగ్లీషు — పనికొచ్చేంత నేర్చుకున్నాను.

హిందీలో 'జా' అని పంపుతారు. వెళ్ళాక 'గయా' అంటారు.

ఇంగ్లీషులో 'గో'. వెళ్ళాక 'వెంట్'.

వెళ్ళమన్న మాట ఒక ఇంట పుట్టింది. వెళ్ళిపోయిన మాట ఇంకో ఇంట పుట్టింది. చుట్టరికం లేదు.

మన తెలుగూ తక్కువేం కాదు. పిలిస్తే 'రా'. చేరితే 'వచ్చాడు'. ఒక తల్లి బిడ్డలేనట — ముఖాలు చూస్తే ఎవరు నమ్ముతారు?

నా తమ్ముడు నాగవంశీ పడవ దిగి కూర్మన్నపాలెం వైపు వెల్డింగు పనికి వెళ్ళాడు. ఏళ్ళు గడిచాయి. ఈ వేసవిలో అక్కడి పని అయిపోయింది.

అక్కని, వాడు 'అప్పా' అని పిలిచేదాన్ని — నేనే కబురు పెట్టాను. రా, నా పడవలో నీ చోటు నీకే.

ఆ చోటులో పనిచేస్తున్న వాసును వేరే పడవకు పంపేశాను. వాసుది మంచి చెయ్యి. అయినా రక్తం కదా అనుకున్నాను.

వేట నిషేధం ముగిసి, ఇవాళ మొదటి వేట.

వచ్చాడు.

ముక్కున ఇనుము ఉన్న బూట్లతో వచ్చాడు. వాటితోనే పడవెక్కాడు — పసుపు రాసి, కుంకుమ పెట్టి, చెప్పు తగలనివ్వని పడవ.

వల సర్దుతున్న చేతులు ఆగాయి. ఇంజను ఒక్కటే ఆగలేదు.

పడవ నడిపే సరంగు అర్జునరావు చుక్కాని వదిలేశాడు. "ఓలమ్మా సిట్టమ్మా, ఈడు మనోడేనేటి? అమ్మోరి నెత్తి మీద బూటెట్టాడు. ఈడుంటే నాను రాను. ఎవులూ రారు."

వెనక నుంచి ఎవరో పక్కవాడితో — "ఏయ్ బావ, ఆఫీసరుగారికి కుర్సీ ఎయ్యి!"

తమ్ముడు తన కాళ్ళు చూసుకున్నాడు. అప్పుడు తెలిసింది వాడికి.

"మర్సిపోనానప్పా..."

మరిచిపోయాడు. అదే గుచ్చుకుంది. తెలిసి చేసుంటే తిట్టి ఊరుకునేదాన్ని.

ఒక వైపు తమ్ముడు. ఒక వైపు పడవ నిండా మనుషులు, వాళ్ళ ఇళ్ళ పొయ్యిలు. తక్కెడకు తోడబుట్టినవాళ్ళు ఉండరు.

"దిగరా."

"రమ్మన్నది నువ్వే గదప్పా."

"రమ్మన్నాను. నాను రమ్మన్నోడివి నువ్వేనేటి?"

దిగాడు. గట్టు మీద కూర్చుని లేసులు విప్పుతున్నాడు. లాగేకొద్దీ ముడి బిగుసుకుంటోంది. ఒక బూటు ఊడింది. ఎండ ఎరగని పాదం — ఎవరిదో.

"సిట్టమ్మా, తాడొగ్గీ!" సరంగు అరిచాడు.

అల పడవను లాగుతోంది. పడవ తాడును లాగుతోంది.

గట్టు మీద నిలబడ్డాను, తాడు నా చేతిలో ఉంది. వదిలితే పడవ వెళ్ళిపోతుంది.

వాడు రెండో బూటు ముడిని పళ్ళతో పట్టుకున్నాడు...