కళ్ళు మూసుకుని వినే పరీక్ష

"కుళాయి కట్టెయ్. కుళాయి చప్పుడు వినాలి" అన్నారు మా ఆయన.

కట్టేశాను. చేతులకు సబ్బు నురగ అలాగే ఉంది. తుడుచుకుందామంటే తువ్వాలు లేదు. స్పీకర్ల అదురు బల్లకు పాకకూడదని దాన్ని మడిచి వాటి కింద పెట్టుకున్నారు. ఇంతలో గదిలోంచి కుళాయి చప్పుడు మొదలైంది. మా కుళాయే. చివర్లో కట్టేసినా నాలుగు చుక్కలు కారే మా వంటింటి కుళాయి. అసలు కుళాయి నోరు మూయించి, దాని రికార్డు వింటున్నారు.

కంప్యూటరు పక్కన పెట్టుకునే చిన్న స్పీకర్లు ఎలా ఉన్నాయో చెప్పే వీడియోలు చేస్తారాయన. ఆఫీసు ఉద్యోగం ఉంది, ఇది సరదా. కొట్టువాళ్ళు పెట్టె పంపుతారు, ఈయన విని మంచిచెడ్డలు చెప్పి తిరిగి పంపిస్తారు. మిగతావాళ్ళు పాటలు పెట్టి పరీక్షిస్తారట. ఈయన పెట్టరు. "పాట ఎవరు ఏ గదిలో పాడారో మనకేం తెలుసు? మనకు బాగా తెలిసిన చప్పుడు పెడితేనే స్పీకరు నిజం చెబుతుంది" అంటారు. ఆయనకు బాగా తెలిసిన చప్పుడు మా ఇల్లు. కొన్నేళ్ళ కిందట ఒకరోజు పొద్దున్నే వంటింటి గుమ్మం దగ్గర మైకు పెట్టి రికార్డు చేశారు. మైకు ఉందని నాకు తెలియదు. కుళాయి, గిన్నెలు, చీపురు, స్టూలు లాగడం, ఆయన "టీ" అనడం, నేను "ఆ, వస్తున్నానండీ" అనడం, అన్నీ అందులో ఉన్నాయి. ఏ స్పీకరొచ్చినా ముందు అదే వినిపిస్తారు. వీడియో చూసేవాళ్ళు దానికి ‘ఇంటి చప్పుడు’ అని పేరు కూడా పెట్టారు. ఇల్లు తనంతట తాను చప్పుడు చేసినట్టు.

"చీపురు పుల్లలు విడివిడిగా తెలుస్తున్నాయి. గిన్నెకు బరువుంది. ఆడగొంతు కాస్త ముందుకొచ్చింది, చెవికి అలసట." ఇలా చెబుతారు ఫోనులో కెమెరాకు. ఇన్నేళ్ళలో గిన్నె బరువు గురించి ఆయన మాట్లాడింది ఆ ఒక్కచోటే.

పక్కగదిలోంచి అత్తయ్య కేకేశారు. "ఎన్నిసార్లు తోముతావమ్మా ఆ గిన్నెలు? అరిగిపోతాయి."

"అది స్పీకరు అత్తయ్యా."

"ఏదైతేనేం. పని అవుతోందిగా."

ఆ స్పీకర్లు పెట్టిన బల్ల నాది. కిటికీ పక్కన వెలుతురు బాగా పడుతుందని కొనుక్కున్నాను. పెళ్ళికి ముందూ, పెళ్ళయ్యాక కొన్నాళ్ళూ రక్తపరీక్షలు చేసే లాబ్‌లో పనిచేశాను. గాజుపలక మీద చుక్క పరిచి, రంగువేసి, మైక్రోస్కోపులో చూసి ఏ కణం ఎంతుందో చెప్పే పని. అత్తయ్యకు తుంటి ఎముక ఆపరేషన్ అయినప్పుడు మానేశాను. "కొన్నాళ్ళే కదా" అన్నారు ఈయన. అత్తయ్య నడక నేర్చుకున్నారు, మేడ దిగి సందు చివరిదాకా వెళ్ళొస్తున్నారు. ఆ కొన్నాళ్ళు మాత్రం అయిపోలేదు. మళ్ళీ చదువుకుందామని బల్ల కొంటే, నా పుస్తకాలు ఇప్పుడు ఇస్త్రీ బట్టల కింద ఉన్నాయి. ఎందుకంటే వీడియోలో చిన్న స్పీకర్లు ఆ కిటికీ పక్కన ముచ్చటగా కనిపిస్తాయి. "నీకేం, వంటింట్లో గట్టు ఉందిగా. దాని మీద చదువుకో" అన్నారు. గట్టు మీద నీళ్ళుంటాయి. నీళ్ళ మీద చదువుకోవడం నాకింకా రాదు.

నిన్న లాబ్ పెద్దావిడ ఫోన్ చేశారు. "పలకలు చూసే అమ్మాయి మానేసింది. రేపు మధ్యాహ్నం లోపు వచ్చి కనిపించు. ఇంకొకరు అడుగుతున్నారు. రాకపోతే నీకక్కర్లేదనుకుంటాను, తర్వాత నా మీద అలగొద్దు" అన్నారు. ఆవిడ మాట తిప్పే మనిషి కాదు. ఆ రాత్రి అన్నం వడ్డిస్తూ ఈయనకు చెప్పాను.

"రేపా? రేపు నాకు పరీక్ష. స్విచ్ ఎవరు మారుస్తారు?"

"కాసేపే కదండీ. వెళ్ళొచ్చేస్తాను."

"సాయంత్రంలోగా వీడియో పెట్టాలి. వచ్చేవారం వెళ్ళు. లాబ్ ఎక్కడికి పోతుంది? రక్తం ఎక్కడికి పోతుంది?" అని తన మాటకు తనే నవ్వారు. తర్వాత పచ్చడి ఏదన్నారు.

ఇవాళ పొద్దున లేచి వంట చేశాను. అన్నీ మూతలు పెట్టి వంటింటి గట్టు మీద సర్దాను. లాబ్‌కు వేసుకెళ్ళే బట్టలే వేసుకున్నాను, పైన వంటింటి పాత చొక్కా తొడుక్కున్నాను. ఇంకోసారి అడిగి చూద్దామనుకున్నాను. అంతే అనుకున్నాను.

పరీక్షకు రెండు జతలొచ్చాయి. ఒకటి తెల్లది, అంచులు గుండ్రంగా, ముందు బూడిదరంగు గుడ్డ, అద్దం ముందు పెట్టుకునే వస్తువులా ఉంది. ఇంకోటి చెక్కది, కొంచెం పొట్టి. వాటికి వేరే పెట్టె అక్కర్లేదు, శబ్దం పెంచే యంత్రం లోపలే ఉంటుంది, ప్లగ్గు పెడితే చాలు. అయితే జతలో ఒక్కదానిలోనే ఉంటుందది. రెండోది దాని తీగ పట్టుకుని పలుకుతుంది. జతలో రెండూ పైకి ఒకేలా ఉంటాయి. ఎత్తి దుమ్ము తుడిచేదాన్ని కాబట్టి బరువులో తేడా నాకు తెలుసు.

"అందం చూస్తే చెవి మోసపోతుంది" అని ఆయన కళ్ళకు నల్లగుడ్డ కట్టుకుంటారు. కుర్చీలో వెనక్కి వాలతారు. రెండు జతల మధ్య ఒక స్విచ్ పెట్టె ఉంటుంది, నేను దాన్ని ఇటూ అటూ మార్చాలి. ఏది మోగుతోందో చెప్పకూడదు. ఆయన "అయింది" అని గుడ్డ విప్పేదాకా ఎవరూ మాట్లాడకూడదు.

"ఏవండీ, ఆ లాబ్ సంగతి..." అన్నాను, నురగ చేతులతోనే గదిలోకి వచ్చి.

"ష్. గదిలో నువ్వున్నట్టు నాకు తెలియకూడదు" అన్నారు గుడ్డ ముడి బిగిస్తూ. "ఊపిరి కూడా మెల్లగా."

అది నాకు బాగా వచ్చిన పని.

తెల్లవాటితో మొదలుపెట్టాను. కుళాయి గలగలా పారింది. గిన్నెలు మెరిసిపోతున్నట్టు మోగాయి. మా ఇంట్లో గిన్నెలు అంత ఆనందంగా ఎప్పుడూ మోగలేదు. ఆయన తలూపారు. చెయ్యెత్తి వేలు తిప్పారు, మార్చమని. చెక్కవాటికి మార్చి మొదటినుంచి పెట్టాను.

వీటిలో మెరుపు లేదు. కుళాయి కుళాయిలాగే ఉంది. సింకు అడుగున నీళ్ళు పడే మోత ఉంది. మోకాలు పట్టేసి నేను ఒక కాలి మీంచి ఇంకో కాలి మీదికి మారడం వినిపించింది. కిర్రుమని స్టూలు. ఆయన "టీ." నేను "ఆ, వస్తున్నానండీ."

ఆ తర్వాత ఇంకేదో ఉంది.

ఎన్ని స్పీకర్లలోనో విన్న రికార్డు అది. ఆ చోట ఇన్నాళ్ళూ నీళ్ళ చప్పుడే విన్నాను. ఇప్పుడు నీళ్ళ వెనక ఒక గొంతు ఉంది. లోగొంతు, పళ్ళ మధ్య నుంచి వచ్చేది. వెనక్కి జరిపి మళ్ళీ పెట్టాను. "ఆ, వస్తున్నానండీ." నీళ్ళు. ఆ నీళ్ళ కింద: "నా వల్ల కాదు. ఇక నా వల్ల కాదు."

నేనే. ఎప్పుడన్నానో తెలియదు. అన్నట్టు గుర్తే లేదు. అలా అనుకున్న రోజంటూ విడిగా ఏదీ లేదు కూడా. అందరికీ వినబడేలా "వస్తున్నా" అని, వెంటనే నీళ్ళకు మాత్రం ఆ మాట చెప్పి, టీ పట్టుకెళ్ళాను కాబోలు. ఆ మాట ఇన్నేళ్ళుగా ఈ గదిలో మోగుతూనే ఉంది. ఎంతమందో విన్నారు, గిన్నె బరువు బాగుందన్నారు. నాకు ఒళ్ళు మండింది. ఆయన మీద కాదు ముందు, నా మీదే. నేను నాకే చాటుగా చెప్పుకున్న మాట.

ఆయనా విన్నారు. నుదురు ముడిపడింది. పరీక్షలో మాట్లాడకూడదన్న నియమం తనకు లేదు కాబట్టి పక్కన వీడియో తీస్తున్న ఫోన్లోకి చెప్పారు. "ఇందులో కుళాయి వెనక ఏదో గొణుగుడు. గర్‌మంటోంది. అంటే స్పీకరు మరీ లోపలివన్నీ బయటికి లాగుతోంది. ఇంట్లో వాడుకోవడానికి ఇంత అక్కర్లేదు." వేలు తిప్పారు, మార్చమని.

తెల్లవాటికి మార్చాను. గొణుగుడు పోయింది. ఆయన ముఖం తేటపడింది.

"ఆఁ" అన్నారు. "ఇదీ ఇల్లంటే."

రికార్డు అయిపోగానే మళ్ళీ మొదలయ్యేలా కంప్యూటర్లో పెట్టాను. చేతికి నురగ ఆరిపోయి చర్మం బిగిసింది. వంటింటి చొక్కా విప్పి కుర్చీ వెనక తగిలించాను, ఆయన తలకు జానెడు దూరంలో. ఆయనకు తెలియలేదు. గదిలో నేనున్నట్టు తెలియకూడదన్నారు, లేనట్టూ తెలియలేదు. ఇస్త్రీ బట్టల కింద నుంచి నా సర్టిఫికెట్ల కవరు లాక్కున్నాను. స్విచ్ పెట్టె వైపు ఒకసారి చూసి, చెక్కవాటికి మార్చాను. ఇక అలాగే వదిలేశాను.

ముందుగదిలో అత్తయ్య కాళ్ళు చాపుకుని కూర్చున్నారు. గది లోంచి గిన్నెలు మోగుతున్నాయి. ఆవిడ నా బట్టలు చూశారు, కవరు చూశారు, చెప్పుల్లోకి దూరుతున్న కాళ్ళు చూశారు. తర్వాత గది తలుపు వైపు చూశారు.

"అయితే లోపల గిన్నెలు తోముతోందెవరు?"

"నేనే అత్తయ్యా."

ఆవిడ చెవి అటు తిప్పారు. గిన్నెల మోత వింటున్నారు. ఆవిడ తోమిన గిన్నెలకు రికార్డు లేదు. చివరికి మోకాలు రాసుకుంటూ అన్నారు.

"తలుపు దగ్గరగా వేసి వెళ్ళు. వాడు వింటున్నాడు, చప్పుడు చెయ్యకు."

తలుపు దగ్గరగా వేశాను. మెట్ల మీదికి కూడా వినిపిస్తోంది, మంచి స్పీకర్లు. స్టూలు లాగిన చప్పుడు. ఆయన "టీ." లోపలినుంచి నేను "ఆ, వస్తున్నానండీ" అన్నాను. మెట్లు దిగుతూ, తర్వాతి మాట వినడానికి ఆగలేదు. అది నాకు వచ్చు.