గురకకు వేసిన తాళం

నేను ఒక సన్నాయిని. నాకంటూ ఊపిరి లేదు. ఎవరో ఒకరు ఊదితే పలుకుతాను, ఊదకపోతే గోడకు వేలాడే కర్రని. మీ ఊపిరి సంగతి మీకంటే నాకే బాగా తెలుసంటే కోప్పడకండి. మీకది ఊరికే వచ్చింది కాబట్టి పట్టించుకోరు.

సన్నాయిని కాకముందు తంజావూరు వైపు ఒక ఇంట్లో దూలాన్ని. ఆ ఇల్లు కూల్చిన రోజున ఒక ముసలి పనివాడు నన్ను వేలితో తట్టి చూసి, బాగా ఎండానని తేల్చి పట్టుకుపోయాడు. పచ్చి కర్ర పలకదు. నన్ను తొలిచి, ఏడు రంధ్రాలు పెట్టి, అడుగున గిన్నెలాంటి నోరు బిగించాడు. ఒంగోలు పక్క పల్లె నుంచి వచ్చిన అప్పయ్య నన్ను కొనుక్కుని ఇరవై ఏళ్ళు ఊదాడు. ఆయన పోయాక కొడుకు కోటిలింగం చేతికి వచ్చాను. డోలు మీద వాడి బావమరిది సింగరయ్య.

కోటిలింగానికి ఊపిరంటే గర్వం. ఆదితాళంలో ఎనిమిది దెబ్బలు ఒక చుట్టు. మూడు చుట్లు తిరిగేదాకా ఒక్క ఊపిరి మీద నన్ను పలికించేవాడు. పెళ్ళివారు భోజనాలు ఆపి చూసేవారు. నాక్కూడా గర్వంగానే ఉండేది, దాచుకోవడమెందుకు!

ఒక పెళ్ళి నుంచి తిరిగొస్తుంటే వ్యాను బోల్తా కొట్టింది. నాకు గీత కూడా పడలేదు, వాడికి నడుం విరిగినంత పనైంది. డాక్టరు పది రోజులకు నొప్పి బిళ్ళలు రాశాడు. ఆ పది రోజులు రెండేళ్ళు నడిచాయి. మందుల షాపువాడు మొదట్లో చీటీ అడిగేవాడు, తర్వాత ముఖం చూసి ఇచ్చేసేవాడు. బిళ్ళ వేస్తే నొప్పి పోయింది, దిగులు పోయింది, నిద్ర వచ్చింది. మనుషులకు మూడు లాభాలు కనిపిస్తే నాలుగో సంగతి అడగరు.

ఆ నాలుగోది ముందు నాకు తెలిసింది. పెదవులు అవే, వేళ్ళు అవే, ఊపిరి మాత్రం కురచైపోయింది. మూడు చుట్లు రెండయ్యాయి, రెండు ఒకటైంది. రాగం మధ్యలో కళ్ళు మూతలు పడేవి. ఎదురుగా కూర్చున్న పెద్దలు "ఎంత లీనమైపోయాడో చూడండి!" అని తలలూపేవారు. వాడు లీనమైంది రాగంలో కాదు, కునుకులో.

ఇంటి దగ్గర వాడి భార్య శేషారత్నం మాత్రం సంతోషించింది. "నడుం విరిగిన కాడి నించి నిద్దరే లేదమ్మా మనిషికి. ఇప్పుడు గుర్రుపెట్టి నిద్రపోతన్నాడు" అని పక్కింటావిడతో చెప్పుకునేది. గురక వినబడితే ఒళ్ళెరగని నిద్రని మీ లెక్క. ఆ గురక మధ్యలో తెగి, కాసేపటికి నీళ్ళలోంచి లేచినట్టు ఎగశ్వాసతో మళ్ళీ మొదలయ్యేది. పొద్దున్నే తలపోటుతో లేచేవాడు, పడుకున్నప్పటికంటే ఎక్కువ అలసటతో. మానేద్దామని రెండుసార్లు చూశాడు. ఆవలింతల మీద ఆవలింతలు, ముక్కు కారడం, కాళ్ళు పీకుడు, రెప్పన్నది పడకపోవడం. రెండో రోజుకే మళ్ళీ బిళ్ళ. శేషారత్నానికి అనుమానం వచ్చి చొక్కా జేబులు వెతకడం మొదలుపెట్టాక దాచడానికి వాడికి ఒక చోటు దొరికింది. ఊదడం అయ్యాక నా అడుగు గిన్నె ఊడదీసి, బిళ్ళల స్ట్రిప్పు చుట్టగా చుట్టి లోపల దూర్చి, మళ్ళీ బిగించేవాడు. సన్నాయి నోట్లో ఎవరు వెతుకుతారు? నాకు సిగ్గేసింది. చెప్పే నోరు నాదే, మూసిందీ ఆ నోరే.

ఒకనాడు పొద్దుటి ముహూర్తం అయింది. నడుం నొప్పి ఎక్కువగా ఉందని కోటిలింగం రోజూ వేసేదానికి రెట్టింపు మింగి, మిగతావి నాలో దూర్చి, కల్యాణమండపం గదిలో చాప మీద వాలాడు. గురక మొదలైంది. సింగరయ్య డోలు పక్కన పెట్టి లేపబోతే పెళ్ళికూతురి మేనమామ గుమ్మంలోంచే వారించాడు. "పొద్దుటి నించి ఊదాడయ్యా పాపం. నిద్రపోయేవోణ్ణి లేపబాక, పాపం చుట్టుకుంటది."

సింగరయ్య లేపలేదు. గోడకు జారబడి అలవాటుగా తొడ మీద తాళం వేశాడు. పాట లేదు కాబట్టి గురకకే వేశాడు. చుట్టుకొక గురక వస్తోంది. కాసేపటికి ఒక చుట్టు ఖాళీగా పోయింది. తర్వాతి చుట్టులో వచ్చింది, అదీ గొంతులో నీళ్ళు కదిలినట్టు గరగరమంటూ. ఆపైన రెండు చుట్లు ఖాళీ. డోలు వాయించేవాడికి ఖాళీ వినబడినట్టు ఇంకెవరికీ వినబడదు. సింగరయ్య చెయ్యి ఆగిపోయింది. వంగి చూస్తే కోటిలింగం పెదవులు నేరేడుపళ్ళు తిన్నట్టున్నాయి.

"బావా! బావా, లెగు!" అని కుదిపాడు. లేవలేదు. కంగారులో తనకు తెలిసిన పనే చేశాడు. డోలు ఎత్తుకుని చెవి పక్కన గట్టిమేళం వాయించాడు. కోటిలింగం ఒక ఊపిరి తీశాడు. మేళం ఆగితే ఊపిరీ ఆగింది. మళ్ళీ వాయిస్తే మళ్ళీ ఒకటి. తాళి ఎప్పుడో కట్టేశారు, ఇప్పుడు గట్టిమేళమేమిటని జనం పరుగెత్తుకొచ్చారు. ఒక ముసలమ్మ అక్షింతలు కూడా పట్టుకొచ్చింది. ఎవరో 108కి ఫోను చేశారు. ఫోనులో అమ్మాయి చెప్తుంటే సింగరయ్య బావ తల వెనక్కి వంచి, ముక్కు మూసి, నోట్లో నోరు పెట్టి ఊదాడు. పుట్టి బుద్ధెరిగాక డోలువాడు ఊదడం అదే మొదలు. బండి వచ్చేదాకా ఊదుతూనే ఉన్నాడు.

బండివాళ్ళు పొడిచిన సూదికి కోటిలింగం కళ్ళు తెరిచి, మంచి నిద్ర పాడుచేశారని అందర్నీ కసిరాడు. వాణ్ణి ఆసుపత్రిలో ఉంచుకున్నారు. నన్ను ఇంటికి తెచ్చి మేకుకు తగిలించారు, లోపలి సరుకుతో సహా.

మూడు వారాలకు వాడు తిరిగొచ్చాడు. డాక్టరమ్మ చెప్పిన మాటలు శేషారత్నం పక్కింటావిడకు చెప్తుంటే విన్నాను. ఆ బిళ్ళలు నల్లమందు వంశమేనట. ఊపిరి తియ్యమని ఒంటికి గుర్తుచేసే శక్తినే జోకొడతాయట. "ఇప్పుడు ఒళ్ళు ఆ బిళ్ళల్ని మరిచిపోయిందంట వదినా. పాత లెక్కన ఒక్కసారి మింగినా మనిషి దక్కడంట." ఆ మాట విన్నాక నాకు మనశ్శాంతి లేదు. ఆ పాత లెక్క నా కడుపులోనే ఉంది. చెప్పాలంటే నన్ను ఎవరైనా ఊదాలి. ఊదే మనిషి ఆయాసంతో మంచం మీద ఉన్నాడు.

వాడికి నిద్ర పట్టడం లేదు. కళ్ళు ఎర్రగా, కాళ్ళు ఒక చోట నిలవకుండా. ఆరో రోజు పొద్దున శేషారత్నం కుళాయి దగ్గరికి వెళ్ళగానే లేచి నన్ను మేకు మీంచి దించాడు. చెయ్యి నోట్లో పెట్టి ఊదే పీక వైపు పోలేదు, అడుగు గిన్నె వైపు పోయింది.

అప్పుడే సింగరయ్య గుమ్మంలోకి వచ్చాడు. బావ చేతిలో నన్ను చూసి మురిసిపోయాడు.

"సన్నాయి పట్టావా బావా! అక్కా, ఇటు రా! ఊదు బావా, ఒక్క ఊపిరి."

పాపం వాడికేం తెలుసు. కుళాయి దగ్గర్నించి శేషారత్నం తడి చేతులతోనే వచ్చి నిలబడింది. కోటిలింగం ఇద్దర్నీ చూశాడు. ఇక తప్పక పీక నోట్లో పెట్టుకుని ఊదాడు. నేను జీరగా పలికాను. ఇంకాస్త గట్టిగా పలికాను.

"ఏందిది, జీర వస్తంది?" అన్నాడు సింగరయ్య.

"పీక ఎండింది" అని కోటిలింగం పీక మార్చాడు. మళ్ళీ జీరే. మారిన పీకతో ఆ అబద్ధానికి కూడా చోటు లేకుండా పోయింది.

"పీక కాదు బావా. లోపల ఎలక్కానీ దూరిందేమో, చూడు."

కోటిలింగం అడుగు గిన్నె తిప్పాడు. నన్ను తలకిందులు చేసి తట్టాడు. స్ట్రిప్పు చాప మీద పడింది.

"ఎలక కాదురా, నేనే" అన్నాడు.

శేషారత్నం ఏడవలేదు, తిట్టలేదు. స్ట్రిప్పు తీసి తమ్ముడి చేతిలో పెట్టింది. "డాక్టరమ్మకి ఇచ్చి రా. ఏడ దాచాడో కూడా చెప్పు" అంది. సింగరయ్య వెళ్ళేముందు బావ ఇంకోసారి ఊదాడు. జీర లేదు. ఒక చుట్టు నిండకుండానే ఊపిరి అయిపోయింది. అయినా నా ఇన్నేళ్ళలో అంత శుభ్రంగా ఎప్పుడూ పలకలేదు.

ఏడాదైంది. ఆ బిళ్ళల యావ రాకుండా ఆసుపత్రివాళ్ళు ఇచ్చే మందు ఇప్పటికీ శేషారత్నం చేత్తోనే మింగుతున్నాడు. రెండు చుట్లు వస్తున్నాయి, మూడోది రాకపోయినా నాకు దిగులు లేదు. ఇప్పుడు వాడు గురక పెడితే ఆ ఇంట్లో ఎవరూ మురిసిపోరు. శేషారత్నం పక్కన కూర్చుని, తమ్ముడు నేర్పినట్టు తొడ మీద తాళం వేస్తుంది. గురక లేకుండా ఎనిమిది దాటిందంటే లేపేస్తుంది. పాపం సంగతి తర్వాత చూసుకుంటుంది.